పదికి పది

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి, రాయడం కూడా నెమ్మదే. ‘నేను’ అని రాయబోతే చెయ్యి ఆగిపోతోంది. అందుకని పేరుతోనే రాస్తున్నాను.

దేవకుమారి పెరట్లో కూర్చుని కొరమీనుకి బూడిద పట్టించి జిగురు పోయేలా రుద్దుతోంది. వసారాలో ఆమె గురించి ప్రశ్నలు నడుస్తున్నాయి. కొల్లేటి గుర్రపుడెక్క కాడలు ఎండబెట్టి బుట్టలు అల్లే కేంద్రంలో ఆమె పనిచేస్తుంది. అక్కడంతా ఆమెలాగే భర్త పోయినవాళ్ళు, కాలో చెయ్యో సరిగా లేనివాళ్ళు. పని దొరికాక వాళ్ళ బతుకులు ఎంత మారాయో కొలవడానికి కేంద్రం నడిపే ఏలూరు ఆఫీసు నుంచి ఇందుజ మేడమ్ వచ్చింది. ప్రతిదానికీ పదికి ఇన్నని మార్కులు వేస్తోంది.

“ఇంట్లో ఆవిడ మాటకి విలువ పెరిగిందా అండీ?”

“బాగా పెరిగిందండీ,” అన్నాడు బావగారు చిట్టిబాబు. “మేం ఏదంటే దానికి సరే అంటాదండీ.”

“మరి విశ్రాంతి?”

“దానికి కూర్చోడం పడదమ్మా,” అంది అత్తగారు. “పన్నుంచి వచ్చాక ఒక్క గిన్నె ఎవర్నీ ముట్టుకోనివ్వదు.”

దేవకుమారికి నవ్వొచ్చింది. ఎవరైనా ముట్టుకుంటారేమోనని ఎన్నాళ్ళు చూసింది! కేంద్రంలో చేరినా ఇంటి పని రవ్వంత తగ్గలేదు, ఆమె లేచే వేళే ముందుకు జరిగింది. అయినా అక్కడ అల్లుతూ ఉంటే పక్కమనిషి ‘తిన్నావా’ అని అడుగుతుంది. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో కొత్త కేంద్రం పెడుతున్నారు, పని నేర్పడానికి ఆమెను రమ్మన్నారు. ఉండటానికి మేడ మీద గది, తలుపుకి లోపలి గడియ. కాకపోతే ఇంటి పెద్ద ఒప్పుకోవాలట. అడిగితే బావగారు ఫ్యాను తనవైపు తిప్పుకుంటూ, “నువ్వెళ్తే వంటెవరు చేస్తారు?” అన్నాడు. మాట అక్కడితో అయిపోయింది.

“సొంతంగా నిర్ణయాలు తీసుకుంటారా?” మేడమ్ అడుగుతోంది.

“అన్నీ తనేనండీ! మేం అడ్డే చెప్పం. పదికి పది ఏసేసుకోండి.”

దేవకుమారి బూడిద చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

“వేసేశారా అండీ?”

“వేశానండీ.”

“అయితే గూడెం కేంద్రానికి నా పేరు కూడా రాసుకోండి. అడ్డు చెప్పరని మా బావగారే అన్నారు కదా.”

చిట్టిబాబు పదికి పది వేసిన కాగితం వైపు చూశాడు. మేడమ్ ఆ పక్కనే పేరు రాసుకుంది.

“మరి చేపో?” అంది అత్తగారు.

“సగం చేశానండీ అత్తయ్యా. మిగతా సగం మీరు చూడండి.”

ఆమె చేతులు కడుక్కుంది.

దేవకుమారి, నలభై ఏడేళ్ళు. తాడేపల్లిగూడెంలో, కేంద్రం మేడ మీద గదిలో ఉంటున్నాను.