పిడుగు రాసిన కుందేలు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైతే నా పళ్ళన్నీ ఊడిపోవాలి. మిగిలినవి మూడే, అయినా సరే.

ఆ ఇంట్లో రోజూ పొద్దున జరిగేది ఒకటే. అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుంటుంది, పదకొండేళ్ల పిడుగు కంప్యూటరు ముందు కూర్చుంటుంది, కుందేలు ఇద్దరి మధ్యా అడ్డంగా పడుకుంటుంది. తన గేము కోసం పిడుగు గళ్లకాగితం మీద గీస్తే లేచొచ్చిన కుందేలది. ఒళ్లంతా చదరాలే. రోజుకి నాలుగొందల రబ్బరుముక్కలు నమిలేది.

"దాన్ని తొందరగా గేములోకి తోలవే, కాళ్లకి అడ్డం," అనేది అమ్మ. అంతే.

తోలాలంటే కంప్యూటరు భాష ఒకటి రావాలి. పిడుగు స్క్రాచ్ నేర్చుకుంటానంది. నీళ్ల ఆఫీసులో ప్రోగ్రాములు రాసే మామయ్య పకపకా నవ్వాడు.

"అది పాలు తాగే పిల్లలకే!"

"పోనీ, పైథాన్?"

"అందరూ నేర్చేదే నువ్వూ నేర్చుకుంటే నీ గొప్పేముంది? కోబాల్ నేర్చుకో. ముసలిదే గానీ ఉక్కుముక్క. నామీద నమ్మకం లేదా?"

లేకపోవడమేం! సైకిలు నేర్పింది, కదిలే పన్ను పీకింది మామయ్యే మరి.

ఆర్నెల్లపాటు ప్రతి ఆదివారం ఒక కాగితం తెచ్చేవాడు. "ఇది మూడో లెవెల్. నలభై వీధులున్నాయి. ఏ వీధి తర్వాత ఏ వీధికి కుందేలు గెంతాలో రాయి."

పిడుగు రాసింది. వాక్యం వాక్యానికీ చివర చుక్క పెట్టింది. కీబోర్డు మీద అక్షరాలన్నీ అరిగిపోయి పళ్లెంలా నున్నబడింది. కుందేలు రోజూ తెరకి ముక్కు ఆనించి చూసి, దారి కనబడక వెనక్కొచ్చేది.

"గేము ఎప్పుడు కనబడుతుంది మామయ్యా?"

"ఇంకొక్క లెవెల్, నా తల్లీ!"

అంతలో మామయ్యకి ప్రమోషనొచ్చింది. సముద్రం పక్క ఊళ్లో పెద్దాఫీసుకి పెద్దట. ఆఫీసువాళ్లు సభ పెట్టారు. కుందేలుని ఒళ్లో పెట్టుకుని పిడుగు ముందు వరసలో కూర్చుంది.

"ఊరికంతా వంతులవారీగా నీళ్లు పంపే ఈ ప్రోగ్రాము ఈయన ఒక్కరే రాశారు," అంటూ అధికారి పెద్దతెర మీద చూపించాడు.

మూడో పంక్తిలో ఉంది: కుందేలు-చెవి. దాని కింద కుందేలు-తోక. పిడుగు పెట్టుకున్న పేర్లే. మార్చాలంటే చదవాలిగా, ఆ మహానుభావుడు చదవనే లేదు.

"మామయ్యా, అది నా మూడో లెవెల్ కదా?"

"ష్! పిల్లలు కదండీ, ఏదో అంటారు," అన్నాడు మామయ్య, అధికారికేసి నవ్వుతూ. మైకు తీసుకుని అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు, డ్రైవరుకి కూడా. పిడుగు పేరు రాలేదు.

అప్పుడు కుందేలు తన చెవిని తెరమీద చూసుకుంది. ఒక్క గెంతు గెంతి తెర లోపలికి పోయింది. బాగా కనబడ్డానికి జనం కుర్చీలు జరుపుకున్నారు. ఊళ్లో మొదటి వీధికి వెళ్లిన నీళ్లు అక్కడే ఆగిపోయాయి.

"అది కదిలితేగానీ రెండో వీధికి నీళ్లు పోవు. మీరు రాసిందేగా, కదపండి," అన్నాడు అధికారి.

మామయ్య పిలిచాడు, బతిమాలాడు, చిటికెలేశాడు. కుందేలు చెవి కూడా కదపలేదు.

"పిడుగూ, నువ్వొక్కసారి పిలవవే. నా బంగారం కదూ!"

పిలిస్తే కుందేలు వచ్చేస్తుంది. మామయ్య దర్జాగా వెళ్లిపోతాడు.

"నేనెందుకు పిలవాలి? నువ్వొక్కడివే రాశావట కదా," అని లేచి ఇంటికెళ్లిపోయింది.

సముద్రం ఊరికి ఇంకెవరో వెళ్లారు. మామయ్య ఇప్పటికీ నీళ్ల ఆఫీసు యంత్రాల గదిలోనే ఉన్నాడు. మేనకోడలు రాసినదాన్ని మొదటి నుంచీ పైకి చదువుతాడు. అర్థం చేసుకుని చదివితేనే కుందేలు గెంతుతుంది, పంక్తికో వీధి.

పిడుగు ఇంకో భాష నేర్చుకుంటోంది. అదేదో ఎవరికీ చెప్పదు, ఎవర్నీ అడగదు. మళ్లీ కుందేళ్లు గీసింది గానీ, ఒక్కటీ కాగితం మీద నుంచి లేవలేదు.

సరే, నువ్వెలాగూ నీళ్ల ఆఫీసు వైపే కదా పోతున్నావు, ఈ స్వెట్టరు మావాడికిచ్చిపో. ఆ గదిలో ఒకటే చలిట. మేనకోడలు పంపిందా అని అడిగితే, కాదు, వాణ్ణి కన్న ఈ ముసలిదే పంపిందని చెప్పు. నీ పేరు చెప్పనా అని పిడుగునడిగాను, మొహం తిప్పేసుకుంది.