నాలుగో గొట్టం నీళ్ళు

కబాసో మోకాళ్ళ మీద కూర్చుని, తాడు కట్టిన సీసాను నాలుగో గొట్టంలోకి దింపుతున్నాడు. అడుగున నీళ్ళు తగిలిన చప్పుడు వినబడగానే మణికట్టును ఒక్క విదిలింపు విదిలించాడు. సీసా మునిగింది. పైకి లాగి ఎండకు పట్టి చూస్తే ఎప్పటిలాగే లేత పసుపు, కుళ్ళిన గుడ్డు వాసన. మడ్డి పనిలో ఎడమచేతి వేళ్ళు మొద్దుబారిపోయాయి. చీటీ అంటించడానికి చాలాసేపు పట్టింది. దానిమీద వంకరగా 4 వేసి తేదీ రాశాడు. ఇదే ఆఖరు సీసా.

అతను పనిలో చేరినప్పుడు ఈ చోటు కంచె కూడా లేని గొయ్యి. రాగి శుద్ధి చేసే కంపెనీ లారీలు యాసిడ్ మడ్డి కుమ్మరించి పోయేవి, అడిగే నాథుడు లేడు. తర్వాత చట్టం వచ్చింది. కంచె, లైసెన్సు వచ్చాయి. కొత్త గోతుల అడుగున బంకమట్టి పరిచారు. విషం భూమిలోకి దిగుతోందేమో చూడడానికి నాలుగు గొట్టాలు దించారు. మొదటిది గుట్ట పైన, మడ్డి సోకని చోట; నాలుగోది దిగువన, కార్మికుల పేట బావి వైపు. ఆ నీళ్ళు నెలనెలా పరీక్షకు రాజధానికి పంపాలన్నది రూలు.

తొమ్మిదేళ్ళ కిందట నాలుగో గొట్టంలో మొదటిసారి వాసన తగిలినప్పుడు కబాసో పరుగున మేనేజరు సివాలే దగ్గరికి వెళ్ళాడు. నెల తిరిగాక సివాలే భుజం తట్టాడు.

"పరీక్ష చేశారు పెద్దాయనా. ఉత్త ఇనుము వాసన. తాగొచ్చు."

ఆ మాటే కబాసో పేటలో ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. సీసాల కబాసో చెప్పాక ఇంకో రుజువు ఎవరికి కావాలి? భార్య చిలేషేకు కాళ్ళు వాచి, ఆసుపత్రిలో నర్సు ఏ నీళ్ళు తాగుతారని అడిగితే, "మా నీళ్ళకేం ఢోకా లేదమ్మా, పరీక్షకి పంపేది నేనేగా" అన్నాడు, కాస్త గర్వంగానే.

ఇవాళ మూసివేత. గోతుల మీద మట్టి కప్పి గడ్డి నాటారు. పందిరి వేశారు. రాజధాని నుంచి అధికారిణి వచ్చి అంతా క్షేమమని పత్రం ఇస్తుంది. ఈలోగా సామాన్ల గది ఖాళీ చేయమని కబాసోకు చెప్పారు. సిమెంటు బస్తాలు జరిపితే గోడవార గోనెపట్టా కనబడింది. లాగాడు.

సీసాలు. గోడ పొడవునా సీసాలే. అన్నిటి మీదా తన వంకర 4. ఒక్కదాని మూతా కదల్లేదు. చిలేషే కాళ్ళు వాచిన నెల సీసా ముందు వరుసలోనే ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని కార్యాలయానికి నడిచాడు.

సివాలే అద్దం ముందు టై సర్దుకుంటున్నాడు.

"మరి రాజధానికి ఏం పంపారయ్యా?"

సీసా చూశాక సివాలే బొంకలేదు. "మొదటి గొట్టం నీళ్ళు. నిజం పంపితే అప్పుడే తాళం వేసేవాళ్ళు. పేటంతా రోడ్డున పడేది, నీతో సహా."

"మా ఇంటిది తొమ్మిదేళ్ళు తాగిందయ్యా."

సివాలే టై ముడి విప్పి మళ్ళీ వేసుకున్నాడు.

పందిట్లో అధికారిణి కబాసో ఇచ్చిన సీసా మూత తీసి వాసన చూసింది. ఆమె మొహం మారింది. బల్ల మీది పత్రం వైపు ఒకసారి చూసింది.

"సంతకం అయిపోయింది బాబాయ్. కాగితం మీద రాసివ్వండి. విచారణకు పెడతాను."

"అందాకా ఏం తాగమంటారు?"

అంతలో చప్పట్లు మొదలయ్యాయి.

బావి దగ్గర ఆడవాళ్ళు నీళ్ళు తోడుకుంటున్నారు. కబాసో నిలబడే అంతా చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. ఒకామె నిండు బకెట్టు మెల్లగా వంచేసింది. చిలేషే తలమీది బిందె దించుకుంది.

"నువ్వు తాగమన్నావని తాగాను."

"నన్నూ మోసం చేశారే."

"నిన్ను వాళ్ళు చేశారు. నన్నో, లోంబె నాన్నా?" అంది ఆమె, ఎప్పటిలా బిడ్డ పేరుతోనే పిలుస్తూ.

సాయంత్రం బస్సుకు చిలేషే కసామాలో ఉన్న తన అన్నగారింటికి బయలుదేరింది. కబాసో సంచీ మోశాడు. ఆమె వద్దనలేదు, రమ్మనీ అనలేదు. ఎక్కి అవతలివైపు కిటికీ దగ్గర కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు అతను బావి మీదుగా వచ్చాడు. అక్కడ ఎవరూ లేరు. గట్టు మీద చిలేషే బిందె కింద పెట్టుకునే చుట్టకుదురు ఉంది. పాత పూలగుడ్డ, ఇంకా తడిగా, ఆమె తల ఎంతో అంత గుండ్రంగా.