పద్దెనిమిది మగ్గం గుంతలు

ధర్మయ్య మగ్గం మీద పడుగు ఇంకా ఆరు మూరలు మిగిలి ఉంది. అప్పుడే జాగీరు మున్షీ తన మనుషులతో ఇంటి ముందుకు వచ్చాడు.

రెండో మహాయుద్ధం ముగిసిన ఏడు అది. అమీర్‌పేట అప్పటికి పట్నం బయట ఉన్న పల్లె. పట్నంలో పెద్ద హోదాలున్న వాళ్ళకు ఆ పల్లె గాలి నచ్చింది. నచ్చితే వచ్చి పీల్చుకుని పోవచ్చు కదా, పోరు. బంగళాలు కావాలన్నారు. జాగీర్దారు సరేనన్నాడు. బంగళాలు లేవాలంటే కూలీలవి, సాలెలవి, రాళ్ళు కొట్టేవాళ్ళవి పద్దెనిమిది ఇళ్ళు పడిపోవాలి. ఆ ఇళ్ళలో తాతల నాటి నుంచి ఉంటున్నారన్న మాట మాత్రం ఎవరికీ పట్టలేదు.

ధర్మయ్య గుంతలోంచి కాళ్ళు తియ్యలేదు. గుంట మగ్గం చూడనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. నేసే మనిషి నేల మీద కూర్చుంటాడు, కాళ్ళు గుంతలో ఉంటాయి. ఆ గుంతలో చెక్కలు తొక్కితేనే పైన నిలువు పోగుల పడుగు విడివడుతుంది, పేక నూలుతో నాడె అటూ ఇటూ పోతుంది. గుంత లేకపోతే మగ్గం వట్టి కట్టెల మోపు. ఈ ఆరు మూరలు నేసి పోతానని ధర్మయ్య బతిమాలాడు. మున్షీ గడప బయటే నిలబడి, గుంత ఉంటే మళ్ళీ వస్తావు, ముందు దాన్నే పూడ్చాలన్నాడు.

పూడ్చింది హనుమాండ్లు. వెట్టివాడు. పిలిచినప్పుడు రావాలి, చెప్పింది చెయ్యాలి, కూలి అడగకూడదు. కొడవలితో పడుగు కోసి, గంపలతో మట్టీ రాళ్ళూ తెచ్చి గుంతలో పోశాడు. తల మాత్రం ఎత్తలేదు. ధర్మయ్య భార్య రాజమణి కొంగులో నూలు కండెలు పట్టుకుని చూస్తూ నిలబడింది. ఏడవలేదు. ఆమె ఏడిస్తే బాగుండేదని ధర్మయ్యకు అనిపించింది.

సాయంత్రానికి పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు పంజగుట్ట కింద, రాళ్ళు కొట్టే చోట ఉన్న పని పాకల దగ్గర చేరారు. అక్కడ గుట్టనానుకుని బంచెరాయి ఉంది. పశువులు మేసే ఊరుమ్మడి నేల అది. ఏ పట్టాలోనూ లేదు. జాగీరుకు కౌలు కట్టిన మనిషి ఒక్కడూ లేడు. అక్కడే ఇళ్ళు కడదామన్నాడు రాజనర్సయ్య. చిన్నప్పటి నుంచి జాగీరు పొలాల్లో జీతమున్న మనిషి, నల్లగొండ వైపు దొరల మీద తిరగబడే సంగం మీటింగులు చూసి వచ్చినవాడు, నోరు దురుసు. ఎవరిల్లు ఎక్కడన్న దగ్గర తగువు మొదలైంది. నాకు బాట పక్కన కావాలంటే నాకు కావాలని ఆ పూటంతా అరుచుకున్నారు. గూడు చెదిరి పన్నెండు గంటలు కాలేదు, అప్పుడే గోడల కోసం కొట్లాట. మనుషులం కదా.

అంతసేపూ ఊరుకున్న మంగవ్వ లేచింది. రాళ్ళు కొట్టి కొట్టి అరచేతులు కాయలు కాచిన మనిషి. మొగుడు ఎర్రమంజిల్ దగ్గర ఏదో మేడకు రాయి మోస్తూ పడి చచ్చిపోయాడు.

"గీ ఇల్లు నాదని తెలిస్తే ఆ గోడ నిట్టనిలువు లేస్తది, పక్కింటి గోడ వంకర లేస్తది," అన్నది మంగవ్వ. "అన్నిండ్లు అందరం కడుదాం. ఆఖరి ఇంటికి కప్పు పడ్డంక చీటీలు తీద్దాం. అప్పటిదాంక ఏ ఇల్లూ ఎవ్వనిది గాదు."

అందరూ ఒప్పుకున్నారు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. జాగీరు కంటి ముందు ఇల్లు కట్టి చూడమని వాళ్ళు అనలేదు, వాళ్ళకా కష్టం తెలియదు. వీళ్ళకు తెలిసింది. మట్టి తొక్కారు, గోడలు వరుస మీద వరుస పెట్టారు. ఒక వరుస ఆరేదాకా ఇంకో ఇంటి గోడకు పోయారు. మంగవ్వ వాళ్ళు పునాది రాయి కొట్టారు, రాజనర్సయ్య వాళ్ళు తాటి కమ్మలు మోశారు, సాలెలు తాళ్ళు పేనారు. గోడ ఎవరిదో తెలియదు కనుక వంకర గోడ ఒక్కటీ లేవలేదు.

మున్షీ రెండుసార్లు వచ్చాడు. చేతిలో కాగితం. ఈ నేల జాగీరుది, జాగీరు దయ మీద ఈ ఇంట్లో ఉంటున్నాను అని అందులో రాసి ఉంది. ఇంటివాడు ఒక్కడు వేలిముద్ర వేస్తే చాలు, బంచెరాయి మొత్తం జాగీరుదైపోతుంది. ఈ ఇల్లు ఎవరిదని అడిగితే చీటీలు తియ్యలేదన్నారు. ఆ ఇల్లు ఎవరిదంటే దానికీ తియ్యలేదన్నారు. ఇల్లు లేనివాడి చేత ఇంటి ముద్ర ఎట్లా వేయించాలో మున్షీకి ఏ కచేరీలోనూ నేర్పలేదు. రెండుసార్లూ ఉమ్మేసి పోయాడు.

మూడు నెలలు గడిచాయి. పదహారు ఇళ్ళకు కప్పు పడింది, రెండు మిగిలాయి. ధర్మయ్య తప్పు చేసింది అప్పుడే.

వరుసలో మూడో ఇంటికి తూర్పున కిటికీ ఉంది. పొద్దున్నే వెలుగు నేరుగా నేల మీద పడుతుంది. ఆ వెలుగు చూసినప్పుడల్లా ధర్మయ్య కాళ్ళు జివ్వుమనేవి. మూడు నెలలుగా మట్టి తొక్కిన కాళ్ళు అవి, చెక్కలు తొక్కలేదు. ఒకరోజు అందరూ కమ్మలకు పోయిన వేళ పార తీసుకుని ఆ ఇంట్లోకి దూరాడు. ఊరికే కొలత చూద్దామనుకున్నాడు. కొలత చూస్తే తవ్వాలనిపించింది. తవ్వాక అంచులు నున్నగా చేశాడు, అలికాడు, అందులో కాళ్ళు పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు. ఎంత హాయిగా ఉందో ఎవరికీ చెప్పుకోలేని హాయి అది. పైన పాత చాప కప్పి వచ్చాడు.

రెండు రోజుల తర్వాత, పొద్దు బారెడెక్కే వేళకు మున్షీ మూడోసారి వచ్చాడు. ఈసారి ఇల్లిల్లూ తిరిగాడు. మూడో ఇంట్లో చాప మీద కాలు వేసి మోకాలు దాటేదాకా దిగబడ్డాడు. లేచి బట్టలు దులుపుకుంటుంటే కోపం రావాలి కదా, నవ్వు వచ్చింది. ధర్మయ్యను పిలిపించాడు.

"సాలోని ఇల్లు దొరికింది," అన్నాడు. "చూడు ధర్మయ్యా, నీ గుంత జోలికి ఎవ్వడు రాడు. ఉన్నన్ని దినాలు నేసుకో. ఒక్క ముద్ర వెయ్యి."

ధర్మయ్య వెంటనే కాదనలేదు. అబద్ధమెందుకు, ఒక్క క్షణం అతని కళ్ళు ఆ గుంత వైపే పోయాయి. తర్వాత చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. మున్షీ నవ్వు ఆగింది. మగ్గం గుంత ఉన్న ఇల్లు, కబ్జా చేసినవాడు సాలె ధర్మయ్య అని ఠాణాలో రాయించి, మధ్యాహ్నానికల్లా పోలీసు అమీన్ సాబును తెస్తానన్నాడు. ఆ ఇల్లు కూలితే మిగతావాళ్ళే వచ్చి ముద్రలు వేస్తారన్నాడు. జట్కా ఎక్కి పోయాడు.

అందరూ మూడో ఇంటి ముందు మూగారు. రాజనర్సయ్య అరిచిన అరుపులకు గుట్ట మీది కాకులు లేచాయి. గుంతలో కాళ్ళు పెట్టుకునే కులం, నీకు బుద్ధి సుత అక్కడనే ఉన్నదా అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. సిగ్గుతో ధర్మయ్య మెడ వంగిపోయింది. పార తీసుకుని లోపలికి పోయి గుంతలోకి మట్టి తొయ్యడం మొదలుపెట్టాడు.

రాజమణి పార పట్టుకుంది.

"ఆనాడు వాండ్లు పూడిస్తె చూసుకుంట నిలబడ్డ," అన్నది. "నీ చేత్తో పూడిస్తె మాత్రం చూడను."

మంగవ్వ ఆ గుంతను ఒకసారి వంగి చూసింది. బయటికి వచ్చి తన గడ్డపార భుజాన వేసుకుని నాలుగో ఇంట్లోకి పోయింది. నేల మీద గడ్డపార పడిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె గొంతు.

"ధర్మయ్యా, ఎంత లోతు తియ్యాలె?"

ధర్మయ్యకు మొదట అర్థం కాలేదు. రాజనర్సయ్యకు ముందు అర్థమైంది. ఎవరి చేతిలోదో పార గుంజుకుని ఐదో ఇంట్లోకి ఉరికాడు. ఆ తర్వాత ఎవరినీ ఎవరూ పిలవలేదు.

మోకాలు దాటి జానెడు అని ధర్మయ్య ఇంటింటికీ పరుగెత్తి చెప్పాడు. తన కాలు దించి కొలత చూపించాడు. వెలుగు ఎడమ చేతి వైపు పడాలి, అంచు కూలకుండా తడి మట్టి అద్దాలి అన్నాడు. కింద మొరం నేల, పార దిగదు. రాళ్ళు కొట్టేవాళ్ళు ముందు నడిచి పగలగొడితే మిగతావాళ్ళు ఎత్తిపోశారు. కప్పు లేని రెండు ఇళ్ళలో ఎండ నెత్తి మీద కొడుతుంటే ఆడవాళ్ళు తవ్వారు. ఎద్దులు తోలిన చేతులు, కమ్మలు కొట్టిన చేతులు, జీవితంలో నాడె ముట్టని చేతులు మగ్గం గుంతలు తవ్వాయి. రాజనర్సయ్య తను తవ్విన గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని, "నాకు సుత సరిపోయింది గదనే," అన్నాడు. ధర్మయ్య మొఖం చూడకుండానే అన్నాడు. అతని భాషలో అది క్షమాపణ.

మున్షీ అన్నమాట నిలబెట్టుకున్నాడు. అమీను వచ్చాడు, నలుగురు జవాన్లు వచ్చారు, వెనక అమీర్‌పేట నుంచి పదిమంది వెట్టివాళ్ళు గడ్డపారలతో వచ్చారు. వాళ్ళలో హనుమాండ్లు ఉన్నాడు. అమీను కాగితం విప్పి, మగ్గం గుంత ఉన్న ఇల్లు ఏదన్నాడు. మున్షీ మూడో ఇల్లు చూపించాడు. అమీను అందులోకి చూశాడు. పక్కింట్లోకి చూశాడు. ఇంకో ఇంట్లోకి చూశాడు. పద్దెనిమిది గడపలూ తిరిగి వచ్చి మున్షీ వైపు చూశాడు. మున్షీ మొఖం కత్తి వాటుకు నెత్తురు చుక్క లేనట్టు పాలిపోయింది.

"మీ అందర్ల సాలోడు ఎవడు?" అన్నాడు అమీను.

"నేను," అన్నాడు రాజనర్సయ్య.

"నేను సుత," అన్నది మంగవ్వ.

ఎద్దులు తోలేవాడు నేనన్నాడు. కమ్మలు కొట్టేవాడు నేనన్నాడు. కులం పేరెత్తితే పక్కకు జరిగి నిలబడిన మనుషులు ఆ పూట ఒక్క కులమై నిలబడ్డారు. నేను అని చెప్పవలసిన అసలు మనిషి ధర్మయ్య అందరికంటే ఆఖరున చెప్పాడు.

అమీనుకు రోషం వచ్చింది. అన్ని గుంతలూ పూడ్చి, అన్ని ఇళ్ళూ కూల్చమన్నాడు. వెట్టివాళ్ళు కదల్లేదు. మున్షీ హనుమాండ్ల మెడ పట్టి ముందుకు నెట్టాడు. హనుమాండ్లు మూడో ఇంటి గడప దాకా పోయి లోపలికి చూశాడు. రాజమణి ఆ గుంత అంచున కూర్చుని ఉంది.

అతను గడ్డపార కింద పెట్టాడు.

"ఒక్కటి పూడ్చిన," అన్నాడు. "అది ఇయ్యాల్టికి నాకు కలలకొస్తది. ఇంక నాతోని గాదు."

జవాను లాఠీ అతని భుజం మీద పడింది. మళ్ళీ పడింది. అతను గడపకు అడ్డంగా కూర్చున్నాడు. వెనక తొమ్మిది గడ్డపారలు ఒకదాని తర్వాత ఒకటి నేల మీద పడ్డాయి. ఇక తవ్వవలసింది ఆ నలుగురు జవాన్లే. ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు, ఎండ మండిపోతోంది, ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. అమీను తన పరువు మిగుల్చుకోవాలి కనుక ముగ్గురిని పట్టుకున్నాడు. ధర్మయ్య, రాజనర్సయ్య, హనుమాండ్లు. ముగ్గురినీ ఒకే తాడుకు కట్టి మాసబ్ ట్యాంకు బాటన నడిపించారు. ఆ తాడు సాలెలు కప్పుల కోసం పేనిందేనని ధర్మయ్య చేతికి తగలగానే పోల్చుకున్నాడు. గట్టిగానే పేనారు.

ఠాణాలో నాలుగో రోజు అమీను తలుపు దగ్గరికి వచ్చాడు. మున్షీ లేడు, కాగితం లేదు. ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నానన్నాడు. ఆ పద్దెనిమిదిట్లో అసలు నీ ఇల్లు ఏది అన్నాడు.

"చీటీలు ఇంక తియ్యలే సాబ్," అన్నాడు ధర్మయ్య.

ఆ రోజే రాజమణి జొన్నరొట్టెలు మూటగట్టుకుని వచ్చింది. మిగిలిన రెండు ఇళ్ళకూ కప్పులు వేశామని చెప్పింది. ఇంకా ఎవరూ చీటీల మాట ఎత్తలేదని, మీ ముగ్గురూ వచ్చాకే తీయాలని మంగవ్వ అన్నదని చెప్పింది. హనుమాండ్ల పెండ్లాంపిల్లలు అమీర్‌పేట విడిచి వచ్చేశారట, వాళ్ళ కోసం పంతొమ్మిదో ఇంటికి మట్టి తొక్కుతున్నారట. అది విని హనుమాండ్లు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. భుజం నొప్పికి మూడు రోజులు మూలగని మనిషి అప్పుడు ఏడ్చాడు.

జవాను ఇక చాలు, నడువు అన్నాడు. రాజమణి రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"బోరబండ నుంచి ముప్పైమంది వచ్చిన్రు," అన్నది. "ఆడ సుత ఇండ్లు ఖాళీ చెయ్యమన్నరట. ఊరి నేల మీద గోడలు లేపుతున్నరు. ప్రతి ఇంట్ల గుంత తీస్తరట. ఎంత లోతని అడుగుతున్నరు. నేను చెప్పిన గని, నీ నోటితోనే వినాలంటున్నరు."

ధర్మయ్య లేచి ఊచల దగ్గరికి వచ్చాడు. ఠాణా అంతా వినబడేట్టు చెప్పాడు.

"మోకాలు దాటి జానెడు."