అంచు కుట్టని గుడ్డలు

ముందు అద్దానికి అంటించిన చీటీ చదివేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఈ కారును కడగొద్దు. తుడవొద్దు. ముట్టుకోవద్దు." చివరి మాట కింద రెండు గీతలు కూడానూ. పద్నాలుగేళ్ళుగా ఈ షోరూములో కొత్త కార్లను కడిగి, పాలిష్ పెట్టి, కొన్నవాళ్ళకు అప్పగించేది నేనే. ఇంతవరకూ నన్నెవరూ ఇంత మర్యాదగా తిట్టలేదు.

ఆ చేతిరాత ఎవరిదో నాకు కళ్ళజోడు లేకుండానే తెలిసిపోయింది. మా వదినది. మా ఆయనకు అక్క, దర్జీ. ఇరవై ఏళ్ళు మిషను తొక్కి మొదటిసారి కొత్త కారు కొనుక్కుంటోంది.

తప్పు నాదే అనుకోండి. పని ఎక్కువున్న రోజు ఒకే గుడ్డతో నాలుగు కార్లు లాగించేస్తామనీ, గుడ్డలో ఇసుక చేరితే రంగు మీద సన్నటి గీతలు పడతాయనీ భోజనాల దగ్గర వాగింది నేనే. నా నోరు ఊరుకుంటుందా? ఫోన్ చేసి నిలదీస్తే వదిన తొణకలేదు.

"నిన్ను నమ్మక కాదే, నీ గుడ్డను నమ్మక," అంది.

గుడ్డల దగ్గర మా ఇద్దరిదీ పాత తగువే. ఒకసారి ముచ్చటపడి నాకు డజను తుడుపుగుడ్డలు తెచ్చింది, నాలుగు వైపులా అంచు కుట్టి మరీ. ఆ కుట్టుదారం కారు రంగును గీరుతుందని నేను కూర్చుని అన్నీ విప్పేశాను. అది చూసి నాతో మూడు నెలలు మాట్లాడలేదు. అంచు కుట్టని గుడ్డను తన కొట్టు గుమ్మం దాటనివ్వని మనిషి మరి.

సరే, ఒక కారు పని తప్పింది కదా అనుకుంటుంటే మేనేజరు వచ్చి, అదే కారు వెనక ఎడమ తలుపు చూపించాడు. లారీలోంచి దించేటప్పుడు గుద్దుకుందట. పోయిన వారం తలుపు ఊడదీసి, సొట్ట తీసి, రంగు కొట్టించి మళ్ళీ బిగించారట. పక్కనుంచి వంగి చూస్తే, దుమ్ములో కూడా ఆ ఒక్క తలుపు రంగు మబ్బుగానే ఉంది.

"గట్టిగా పాలిష్ కొట్టమ్మా. నాలుగు వానలు పడేదాకా ఎవరికీ తెలీదు," అన్నాడు.

చీటీ సంగతి గుర్తు చేశాను. పీకి జేబులో పెట్టుకున్నాడు. కొన్నది మా వదినని ఆయనకు తెలియదు. చెబితే కారు మారుస్తాడో, నన్నే మారుస్తాడో నాకూ తెలియదు. పిల్లలిద్దరి చదువులూ నా జీతం మీదే నడుస్తున్నాయి. నిజంగా భయం వేసింది. అంతకుముందు ఇలాంటి తలుపులు రెండు మెరిపించి పంపాను కూడా. అవి ఎవరి వదినలు కొన్నారో పాపం.

బకెట్ నింపాను. కొత్త గుడ్డ తీశాను. కారంతా కడిగి, తుడిచి, పాలిష్ పెట్టాను. ఆ తలుపుకు మాత్రం నీళ్ళు తగలకుండా ప్లాస్టిక్ షీటు కప్పి, పనయ్యాక షీటు తీసేసి, దాని దుమ్ము దానికి ఉంచేశాను.

సాయంత్రం వదిన వచ్చింది, మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి. తళతళలాడుతున్న కారును చూసి ముఖం మాడ్చుకుంది. నన్ను నమిలి మింగేసేలా చూసింది. అంతలో వెనక తలుపు కనిపించింది. మేనేజరూ అప్పుడే చూసి, ఇదేం పనని నన్ను గదమాయించాడు.

"ముట్టుకోవద్దని రాశారు కదా సార్," అన్నాను. "కారంతా మీ మాట విన్నాను. ఈ ఒక్క తలుపు దగ్గర ఆవిడ మాట విన్నాను."

పని సగంలో వదిలే రకాన్ని కాదని వదినకు తెలుసు. ఒక కన్ను మూసి, తలుపు చుట్టూ ఉన్న సందును పైనుంచి కిందిదాకా చూసింది. అవతలి వైపు తలుపూ చూసింది. టేపు తీసి రెండు సందులూ కొలిచింది.

"ఇది విప్పి మళ్ళీ కుట్టిన కుట్టు," అంది మేనేజరుతో. "పైన బిగువు, కింద వదులు. ఇలాంటి చొక్కా నా కొట్లోంచి బయటికి పోదు. ఈ కారు నా ఇంటికి రాదు."

నేరుగా వెళ్ళి మేనేజరు బల్ల ముందున్న కుర్చీలో కూర్చుంది. ఆయన వేరే కారు ఇస్తామని రాసి సంతకం పెట్టేదాకా వదిన కుర్చీలోంచి లేవలేదు. పోతూ పోతూ నన్ను ఎవరో ముక్కూమొహం తెలియనిదాన్ని చూసినట్టు చూసింది. ఆ నటన నా ఉద్యోగం కోసమేనని అర్థమై, నవ్వాపుకోలేక బకెట్ పట్టుకుని అక్కణ్ణుంచి పారిపోయాను. మేనేజరు వారం రోజులు నాతో ముభావంగా ఉన్నాడు కానీ పొమ్మనలేదు. పద్నాలుగేళ్ళ చెయ్యి మళ్ళీ దొరకొద్దూ.

పది రోజులకు వేరే కారు వచ్చింది. దాని అద్దానికీ చీటీ ఉంది. "పాలిష్ పెట్టే ఆవిడ తప్ప ఇంకెవరూ ముట్టుకోవద్దు." ఈసారి 'తప్ప' కింద రెండు గీతలు.

ముందు సీటు మీద నా కోసం ఒక పొట్లం. విప్పితే డజను కొత్త గుడ్డలు, మెత్తగా, ఒకే కొలతకు కత్తిరించినవి. ఒక్కొక్కటే తీసి నాలుగు వైపులా తడిమి చూశాను. ఒక్కదానికీ అంచు కుట్టలేదు.