మూడున్నరకు ఆఫ్‌లైన్

"కుడిపక్క ఒక చుక్క తప్పినావు" అంది గోడ.

లోహిత ఉలిక్కిపడి తలెత్తింది. వెంటనే నవ్వాపుకోలేక ముగ్గుపిండి చేత్తోనే నోరు మూసుకుంది. మాట్లాడింది గోడ కాదు, గోడకు బిగించిన కాలింగ్ బెల్లు. అందులో కెమెరా ఉంది, మైకుంది, గోళీకాయంత స్పీకరుంది. చీకటితోనే కంపెనీ బస్సెక్కి నాయుడుపేట దారిలో ఉన్న రవిచంద్ర, ఫోనులో భార్యను చూసి ఆ స్పీకరులోంచి పలికాడు. పెళ్ళయి నాలుగు నెలలు. ఎక్కడో హైవే మీద పోతున్న మనిషి తన ముగ్గులో చుక్కలు లెక్కపెడుతున్నాడంటే ఆమెకు తిరుపతి కొండ మొత్తం తనకోసమే తెల్లారినట్టుంది. తప్పిన చుక్క పెట్టి, బెల్లు ముందు నిలబడి నాలుక చాపి వెక్కిరించి లోపలికి పరుగెత్తింది.

వీధిలో రెండిళ్ళలో గ్యాసు సిలిండర్లు పోయాక రవిచంద్ర ఆ బెల్లు కొన్నాడు. గోడకెక్కించింది అతనే, పని చేయించింది మాత్రం లోహిత. మొదటిరోజు ఎంత తంటాలు పడినా ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూనే ఉంది. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే, అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, "రిజిస్టర్ చేసిన సార్‌ను మాట్లాడమనండి మేడం" అంది. లోహిత ఈసీఈ చదివింది, చంద్రగిరి రోడ్డులో ఒక పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతుంది. సార్‌ను పిలవకుండా తానే కూర్చుని కనిపెట్టింది. వైఫై పెట్టె రెండు రకాల సిగ్నళ్ళు ఇస్తుంది, ఒకటి వేగంగా పోయేది, ఒకటి దూరం పోయేది. ఫోను మొదటిదాన్ని పట్టుకుని కూర్చుంది, బెల్లుకు రెండోది తప్ప అర్థం కాదు. రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టి, బెల్లు వెనక చిన్న రంధ్రంలో పిన్నీసు గుచ్చి పది లెక్కపెట్టగానే పచ్చ లైటు వెలిగింది. ఆమె హాల్లోనే గంతులేసింది. రవిచంద్ర 'మా ఇంటి ఇంజనీరు' అని ఆఫీసు గ్రూపులో ఫోటో పెట్టాడు. యాప్‌లో మాత్రం ఓనరు రవిచంద్ర, లోహిత 'గెస్టు'. పంటి సందున చిక్కిన మామిడి పీచులాగా ఆ మాట అప్పుడప్పుడూ ఆమె నాలుకకు తగులుతూ ఉండేది.

ఇరవై రోజులు బాగానే పనిచేసింది. తరవాత మధ్యాహ్నం మూడున్నరకు బెల్లు ఆఫ్‌లైన్ కావడం మొదలైంది. నాలుగూ పావుకు దానంతటదే తిరిగొచ్చేది. రవిచంద్ర ఫ్యాక్టరీ నుంచి ఆమెకు ఫోన్ చేసేవాడు, ఆమె క్లాసులో ఉండి కట్ చేసేది. సాయంత్రం వచ్చాక ఎండకు వేడెక్కుతుందేమోనని బెల్లు పైన అట్టముక్క కట్టింది. ఇనుప గేటు అడ్డమేమోనని వైఫై పెట్టెను కిటికీ దగ్గరికి జరిపింది. మళ్ళీ పిన్నీసు గుచ్చింది. మామ కుప్పుస్వామి, ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మనిషి, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా నిద్రపోయే మనిషి, ఈజీఛైరులోంచి తీర్పు చెప్పేశాడు. "మీ అత్త యాడన్నా చెయ్యి పెట్టుంటాది. ఆమె చేతికి మిషన్లు పలకవమ్మా. నలభై ఏండ్లుగా సూస్తా ఉండా." అత్త అలివేలమ్మ ఆయనకు మాత్రలూ మంచినీళ్ళూ తెచ్చిచ్చింది.

బుధవారం రాత్రి భోజనాల దగ్గర రవిచంద్ర ఒక నిర్ణయం ప్రకటించాడు. ఆదివారం తన స్నేహితుడు గుణశేఖర్‌ను పిలిపించి, కరెంటు పోయినా ఆగని బ్యాటరీ పెట్టె బెల్లుకు పెట్టిస్తాడట. హాల్లో ఇంకో కెమెరా బిగిస్తే, బెల్లుకు కరెంటిచ్చే అక్కడి స్విచ్చు ఎవరు కదిలిస్తున్నారో అదీ తేలిపోతుందట. అలివేలమ్మ చేతిలోని గరిటె ఒక్క క్షణం గిన్నె మీదే ఆగింది. లోహిత అది చూసింది, ఎందుకో అర్థం కాలేదు.

మర్నాడు కాలేజీలో ఖాళీ గంటలో ఆమె యాప్‌లో పాత వివరాలన్నీ కిందికి జరుపుతూ చదివింది. సోమవారం నుంచి శనివారం దాకా రోజూ మూడున్నర. ఆదివారం ఒక్కటీ లేదు. నాలుగు వారాలు, నాలుగు ఆదివారాలు, ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఎండ ఆదివారమూ కాస్తుంది, ఇనుప గేటు ఆదివారమూ అక్కడే ఉంటుంది. తేడా ఒక్కటే, ఆదివారం తనూ రవిచంద్రా ఇంట్లో ఉంటారు. పిల్లలకు ఫాల్టు ఎలా వెతకాలో రోజూ చెప్పే తను, ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ చూడలేదు. హాఫ్ డే పర్మిషన్ పెట్టి ఆటో ఎక్కింది.

వీధి మలుపులోనే దిగి నడిచి వచ్చింది. బెల్లు లైటు ఆరిపోయి ఉంది. దాని కిందే, గడప ముందరి మెట్టు మీద అలివేలమ్మ రెండు కాళ్ళూ బారజాపుకుని కూర్చుంది. నాలుగు నెలల్లో అత్త కాళ్ళు చాపుకోవడం లోహిత చూడలేదు. ఎదురింటి మునిలక్ష్మి ఆమెకెదురుగా గొంతుక్కూర్చుని ఉంది. మధ్యలో సుద్దముక్కతో గీసిన పులిజూదం పటం. చింతగింజలు మేకలు, మూడు గులకరాళ్ళు పులులు. అలివేలమ్మ ఒక గింజను రెండు వేళ్ళతో జరిపి, "ఇంగ యాడికి పోతాదమ్మే నీ పులి" అని గట్టిగా నవ్వింది. ఆ నవ్వుకు వీధిలో పోయే కుక్క ఆగి చూసింది. ఈ ఇంట్లో ఇంత నవ్వు ఉందా అని లోహిత అక్కడే నిలబడిపోయింది.

అలివేలమ్మ కోడల్ని చూసింది. నవ్వు పోయింది, కాళ్ళు దగ్గరికొచ్చాయి, పక్కనున్న తడిగుడ్డ చేతిలోకొచ్చింది. సాయంత్రం వచ్చేసరికి ఆ మెట్టు రోజూ అప్పుడే తుడిచినట్టు ఎందుకుంటుందో లోహితకు ఇప్పుడు తెలిసింది. దీపం వేళకని శుభ్రం చేస్తుందనుకునేది.

"తుడవద్దత్తా" అంటూ ఆమె బ్యాగు పక్కన పడేసి మెట్టు మీద కూర్చుంది.

తడిగుడ్డ పక్కన పెట్టి అలివేలమ్మ చెప్పింది. నెల రోజుల కిందట ఇట్లాగే కూర్చుని ఆడుతుంటే గోడ మాట్లాడిందట. నడివీధిలో ఎండలో ఏంది కాళ్ళు చాపుకుని కూర్చోవడం, లోపలికి పో మా, అని. మునిలక్ష్మి విన్నది, ఆకుకూరల బండి ఆమె విన్నది. "వాడు మంచికే చెప్పినాడు మే. నా బిడ్డ నాకు తెలవదా. అయినా యాభై ఎనిమిదేండ్లకు నన్ను గోడ గదమాయించింది. పదహైదు మేకల్తో మూడు పులుల్నీ కట్టేసుంటి ఆ దినం. గెలిచే ఆట వదిలేసి లోపలికి పోతి."

స్విచ్చు ఎక్కడుందో నీకెలా తెలిసిందని లోహిత అడిగింది.

"మీరు బిగించేటప్పుడు నిచ్చెన పట్టుకోనుండింది ఎవురు?" అంది అలివేలమ్మ. కళ్ళలో మళ్ళీ నవ్వు తెచ్చుకుని, "నా చేతికి మిషన్లు పలకవని మీ మామ చెప్తాడే, ఆ మాట ఇన్నాళ్ళకు పనికొచ్చింది" అంది.

లోహితకు అత్తను కౌగిలించుకోవాలనిపించింది, సిగ్గూ వేసింది. అదే గోడ, అదే గొంతు. పొద్దున్నే తన చెవికి ముద్దుగా తగిలినది, మధ్యాహ్నం ఈమెను అందరి ముందూ లేపి లోపలికి పంపింది. తను నాలుక చాపి వెక్కిరించగలదు, ఈమె ఏం చేయగలదు? తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తుంది. రెండు క్యారియర్లు, ఇడ్లీపిండి, మోటరు, మామ మాత్రలు, కోడలు ఆరేసి మరిచిన బట్టలు. ఇదంతా ఏ యాప్‌లోనూ ఎక్కదు. రోజు మొత్తంలో ఎవరికీ ఏమీ చేయని నలభై అయిదు నిమిషాలు మాత్రం ఎక్కాయి, ఫాల్టు కింద. ఆ ఫాల్టును సరిచేయడానికే తను అట్టముక్కలు కట్టింది, పిన్నీసులు గుచ్చింది. ఎవరూ నేర్పకుండానే ఒక స్విచ్చుతో తన గడప తాను కాపాడుకున్న ఈ మనిషి ముందు తన ఈసీఈ ఎంత? ఆదివారం ఆ బ్యాటరీ పెట్టె వస్తే ఈ మెట్టు మీద ఇక ఆట ఉండదు.

ఆ రాత్రి గదిలో రవిచంద్రకు ఫాల్టు దొరికిందని చెప్పింది. అంతా విని అతను చిన్నబోయాడు.

"ఎండలో కూర్చుందని చెప్తి. ప్రేముండబట్టే కదా లోహీ?"

"ప్రేమతోనే అన్నావు రవీ. విన్నది మాత్రం వీధంతా."

అయితే పీకేయమంటావా అన్నాడు. వద్దంది ఆమె, ఓనరును మారుద్దాం, రోజంతా ఇంటికి కాపలా ఉండేదెవరో వాళ్ళ పేరు పెడదాం. అమ్మకు వాట్సాపే సరిగా రాదని అతను నవ్వాడు. కొత్త పెళ్ళాం ముచ్చట అనుకున్నాడేమో, నవ్వుతూనే ఫోను ఇచ్చాడు. బ్యాటరీ పెట్టె సంగతి మాత్రం వదల్లేదు.

శుక్రవారం సాయంత్రం అలివేలమ్మ తానే పిన్నీసు గుచ్చి, పెదాలు కదుపుతూ పది లెక్కపెట్టింది. పచ్చ లైటు. ఓనరు అలివేలమ్మ, గెస్టులు ఇద్దరు. గెస్టులు మాట్లాడే వీలు ఎలా తీసేయాలో ఒకసారి చూపిస్తే చాలింది. రవిచంద్ర పేరు దగ్గర తీసేసి, వేలు గాల్లో ఆపి, "నీదీ తీసేదా మే?" అని అడిగింది. తీసేయమంది లోహిత. శనివారం ముగ్గులో కావాలనే ఒక చుక్క తప్పించి కాసేపు తలెత్తి చూసింది. గోడ ఊరికే ఉంది. కొంచెం వెలితిగానే ఉంది, అబద్ధం ఎందుకు.

ఆదివారం గుణశేఖర్ డబ్బాలతో వచ్చాడు. గేటు దగ్గర బండి ఆపుకుని స్నేహితులిద్దరూ కబుర్లలో పడ్డారు. రవిచంద్ర బండి మీద కాలు పెట్టి చేతులు ఊపుతూ ఏదో జోకు చెబుతున్నాడు. ఎదురింటి వాకిట్లో మునిలక్ష్మి బియ్యం చెరుగుతోంది.

"నడివీధిలో ఎండలో ఏంది నాయనా ఆ నిలబడుకోవడం, లోపలికి పో" అంది గోడ.

గుణశేఖర్ పగలబడి నవ్వాడు. మునిలక్ష్మి చేట ఆపి తలెత్తింది. రవిచంద్ర కాలు బండి మీంచి దానంతటదే దిగింది. చెవులు ఎర్రబడ్డాయి. డబ్బాలు స్నేహితుడి చేతిలోనే వదిలేసి లోపలికొచ్చాడు. హాల్లో అలివేలమ్మ వేరుశనక్కాయలు వలుస్తోంది, ఒళ్ళో ఫోను. పక్కన లోహిత కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. అతను తల్లిని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"అందరి ముందర ఏంది మా అది" అన్నాడు, గొంతు తగ్గించి. "ఆ మాట్లాడేది ఆపేయ్ మా."

అలివేలమ్మ తలెత్తలేదు. ఇంకో కాయ చిట్లించి గింజలు చేటలో వేసింది.

"నాకేం తెలుసు నాయనా. నా చేతికి మిషన్లు పలకవు గదా."