ఎంటర్ కొడితే కదలని ప్రశ్న

చిక్కడపల్లిలో మా డీటీపీ సెంటర్ ఓనరు జగన్మోహన్ గారు ముప్ఫై ఏళ్లుగా పేజీలు ఒక్కొక్కటే చేత్తో సర్దిన మనిషి. కొత్త పద్ధతి అంటే ఆయనకు ఒళ్లు మంట. 2013లో గ్రూప్-టూ ప్రశ్నల పుస్తకాన్ని టెక్ అనే ప్రోగ్రాంతో చేస్తానంటే ఒక్క మాటే అన్నారు.

"ఇయ్యాల సాయంత్రం అయిదుకు పుస్తకం ముషీరాబాద్ ప్రెస్సుకు పోవాలె. పోకుంటే రేపటి సంది పాత పద్ధతే. నువ్వు టైపింగే చూసుకో."

నాకూ పంతం వచ్చింది. అప్పటికే టైపు చేసి ఉన్న ప్రశ్నలన్నీ ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో పెట్టాను. అందులో ఇది ప్రశ్న, ఇవి ఆప్షన్లు, ఇది జవాబు అని ప్రతిదానికీ చీటీ అంటించి ఉంటుంది. ఆ చీటీలు చూసి టెక్ పేజీలు తనే పేరుస్తుంది. మధ్యాహ్నం అశోక్‌నగర్ నుంచి, పుస్తకం రాసిన లెక్చరర్ ఫోన్ చేసి నలభయ్యో ప్రశ్న తీసెయ్యమన్నాడు. తీసేసి మళ్లీ నడిపాను. ఆరు వందల ప్రశ్నల నంబర్లూ, చివర జవాబుల పట్టికా వాటంతటవే సర్దుకున్నాయి. పాత పద్ధతిలో అయితే రెండు రోజుల చాకిరీ. జగన్మోహన్ సార్ వైపు గర్వంగా చూశాను గానీ ఆయన తలెత్తలేదు.

నాలుగు దాటాక అన్నం తిని వచ్చేసరికి సార్ నా కుర్చీలో ఉన్నారు, ముఖం కందగడ్డ చేసుకుని.

"ఏందిది జ్యోత్స్నా? రెండొందల పన్నెండో ప్రశ్నను అవతలి పేజీకి జరుపుదామని యాభై సార్లు ఎంటర్ కొట్టిన. జరగనే జరగదు."

నవ్వు ఆపుకోలేకపోయాను. "ఎన్ని కొట్టినా లెక్క చెయ్యదు సార్. ఖాళీలన్నీ మింగేస్తది."

"నవ్వుడు తర్వాత. జర ఇటు చూడు. ప్రశ్న ఈ పేజీల, ఆప్షన్లు ఎనక పేజీల. హాస్టల్ల మంచం మీద పండుకొని చదివేటోడు ఎన్నిసార్లు తిప్పాలె?"

చూశాను. అలాంటివి ముప్ఫైకి పైనే ఉన్నాయి. పంతంలో పడి చదివేవాడినే మరిచిపోయినందుకు సిగ్గేసింది. టైము నాలుగున్నర.

"మీరే చెప్పుండ్రి సార్, ఏం చెయ్యాల్నో."

"ప్రశ్ననూ ఆప్షన్లనూ ఎన్నడూ విడగొట్టొద్దు. జాగా చాలకుంటే మొత్తం అవతలి పేజీకి పోవాలె. నాకు పని నేర్పినాయన మొదటిరోజు చెప్పిన మాట."

ఆ మాటనే టెక్‌కు ఒక్క లైనులో రాసి నడిపాను. నిమిషంలో పేజీలన్నీ మళ్లీ సర్దుకున్నాయి. సార్ మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూశారు. ఒక్కటీ విడిపోలేదు. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

అయిదుకు పది నిమిషాల ముందే ఫైలు ప్రెస్సుకు వెళ్లింది.

"రేపు ఏం చెయ్యాలె సార్, టైపింగా?" అని కొంటెగా అడిగాను.

"పొద్దుగాల్నే రా. నాకు తెలిసిన ఇట్లాంటి మాటలు ఇంక నలభై ఉన్నయి," అన్నారు. "నేను చెప్త, నువ్వు రాయి."