ఏడో సీటు

పామర్రు బస్టాండు ఎదుట జిరాక్సు షాపు శాలినిది. పొద్దున్నే షట్టరెత్తి, మెషీను తుడిచి, లాప్‌టాప్ తెరిచేసరికి ఆవిడ ఆకుపచ్చ బస్సు వచ్చి స్టాండులో ఆగుతుంది. డ్రైవరుండడు. బెజవాడ దాకా వెళ్ళి వస్తుంది. పన్నెండేళ్ళ కిందట కంప్యూటర్ ఆట కోసం శాలిని చేసిన బస్సే ఇలా నిజం రోడ్డు మీద తిరుగుతోంది. ఆటలో లేని మన బస్సుల్నీ, మన రోడ్లనీ గీసి అందులో పెట్టడాన్ని మాడ్ అంటారు లెండి. లాప్‌టాప్‌లో ఏది మారిస్తే బస్సులో అది మారుతుంది. "మెట్టు ఎత్తుగా ఉందమ్మా, మోకాళ్ళు పోతున్నాయి" అని పూలమ్మే తెరేసమ్మ గొణిగితే, ఆరంగుళాలు దించింది. తెరేసమ్మ ఎక్కి, "ఇప్పుడు బావుంది" అంది. అంతే.

బాధంతా వేరే. మాడ్లు చేసేవాళ్ళు వేలమంది ఇంటర్నెట్లో ఒక ఫోరంలో కలిసి, చేసినవి పంచుకునేవాళ్ళు. ఎవరి పని ఎవరు వాడుకున్నా, చేసినవాళ్ళ పేరు వెయ్యడం అక్కడి ధర్మం. హారన్లు చేసింది చల్లపల్లి ఇశ్రాయేలు, అందుకే బస్సు వెనక తన పేరు కింద అతని పేరూ రాసింది శాలిని. ఆ ఫోరం నడిపిన విఠల్ ఏం చేశాడు? అందరి మాడ్లూ తనవేనని గేమ్ కంపెనీకి అమ్మి, అందులోనే ఉద్యోగం కొట్టేశాడు. కంపెనీ ఇక బయటివాళ్ళ మాడ్లు పనికిరావంది. విఠల్ ఫోరం మూసేశాడు. ఇశ్రాయేలు కంప్యూటర్ అమ్మేసి చేపల చెరువు కాపలాకి పోయాడు. బస్సు వెనక ఇద్దరి పేర్లూ పోయి విఠల్ పేరు తేలింది. ఆ పేరొక్కటి మాత్రం శాలిని ఎన్నిసార్లు దిద్దినా మళ్ళీ అదే. సొమ్మొకడిది, సోకొకడిది!

ఒక సోమవారం ఆ విఠలే షాపుకొచ్చాడు.

"అక్కా, ఒక్క సంతకం. బస్సు నేనే చేశానని రాసివ్వాలి, కంపెనీవాళ్ళు రుజువడుగుతున్నారు. లేకపోతే నా ఉద్యోగం పోద్ది."

"ఇశ్రాయేలు హారన్లు కూడా నువ్వే చేశావా?"

"అవన్నీ ఇప్పుడెవరికి కావాలక్కా? మాడ్ల కాలం పోయింది."

పోగొట్టినవాడే పోయిందంటున్నాడు! శాలిని నవ్వింది. "సరే బాబూ, బస్సెక్కి కూర్చో. ప్రింటు తీసి తెస్తా."

విఠల్ కిటికీ పక్కన ఏడో సీట్లో కూర్చున్నాడు. శాలిని లాప్‌టాప్‌లో ఆ సీటుకి కూర్చోవడం ఉంచి, లేవడం తీసేసింది.

బస్సు బెజవాడ వెళ్ళింది, వచ్చింది. ఉయ్యూరువాళ్ళు ఉయ్యూరులో, కంకిపాడువాళ్ళు కంకిపాడులో దిగారు. విఠల్ దిగలేదు. నాలుగు రోజుల్లో జనానికి అలవాటైపోయాడు. తెరేసమ్మ రెండిడ్లీలు తినిపించి, "కాళ్ళు కాస్త పక్కకి పెట్టు నాయనా, బుట్ట పెట్టుకోవాలి" అనేది.

తొమ్మిదో రోజు కిటికీలోంచి ఏడుస్తూ అరిచాడు. "అక్కా, ఫోరం మళ్ళీ తెరుస్తా! అందరి పేర్లూ వేస్తా! నన్ను లేపు!"

శాలిని బస్సు దగ్గరికొచ్చింది. "తెరిస్తే ఎవరొస్తారు? ఒక్కణ్ణి పిలువు. మళ్ళీ మాడ్ చేస్తానని ఒక్కడంటే చాలు, లేపుతా."

విఠల్ ఇశ్రాయేలుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు.

"మాడ్లా?" అన్నాడు ఇశ్రాయేలు. "ఎలా చేస్తారో కూడా మర్చిపోయానండీ. చెరువుకి మేత వెయ్యాలి, ఉంటా."

ఆ మాటకి విఠల్ కన్నా ముందు శాలినికి ఏడుపొచ్చింది. అయినా లేపలేదు. బస్సు కదిలింది.